అతి చిన్న నాణేలు రోజువారీ చెలామణీలో ఉండాలా, వద్దా?

#1 గల్లాపెట్టె

సభ్యులందరికీ నమస్కారం. పద్నాలుగేళ్ళుగా నగదు కౌంటర్లో పనిచేస్తున్న అనుభవంతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఏ కరెన్సీలోనైనా అన్నిటికంటే చిన్న నాణెం ఒక దశ దాటాక ఎవరికీ అక్కరలేనిదైపోతుంది. ఇచ్చేవారు ఇవ్వడానికి మొహమాటపడతారు, పుచ్చుకునేవారు పుచ్చుకోవడానికి విసుక్కుంటారు. అటువంటి నాణేన్ని టంకశాలలు ముద్రిస్తూనే ఉండాలా, లేక చెలామణీ నుంచి తప్పించాలా అన్నది నా ప్రశ్న.

నా మటుకు నాకు తప్పించడమే మంచిదనిపిస్తుంది. రాత్రి కౌంటర్ మూసే ముందు గల్లా లెక్క చూస్తాం కదా, నోట్ల లెక్క అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తరువాత అన్నిటికంటే చిన్న నాణేల అరలో చెయ్యి పెట్టాలి. వాటిని పదేసి చొప్పున దొంతరలు పేర్చి, దొంతరల ఎత్తు ఒకటిగా ఉన్నదో లేదో అరచెయ్యి ఆనించి చూసి, హెచ్చుతగ్గులుంటే మళ్ళీ విప్పి లెక్కపెట్టాలి. అది ముగిసేసరికి వేళ్ళకు నల్లటి జిడ్డు పట్టి, సబ్బుతో కడిగినా వదలని లోహపు వాసన మిగులుతుంది. ఆ రోజు వసూలులో ఆ అర వాటా లెక్కలోకి రానంత చిన్నది, కానీ లెక్కపెట్టే సమయంలో సగం దానికే పోతుంది. నేను ఇదివరలో పనిచేసిన ఒక చోట రోజు చివర ఎంత చిన్న తేడా వచ్చినా మా జీతంలోంచి పట్టుకునేవారు. ఒక్క నాణెం తక్కువైందని రాత్రి పదకొండు దాకా నేల మీద వెతికిన రోజులు నాకు ఉన్నాయి.

నేను చూసింది కౌంటర్ వెనక నుంచే. ఇతర కోణాలు తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

#2 లెక్కలమనిషి

గల్లాపెట్టె గారూ, మీరు చెప్పిన శ్రమకు టంకశాల వైపు నుంచి కొన్ని అంకెలు జోడిస్తాను.

నాణెం ముఖ విలువకూ దాని తయారీ ఖర్చుకూ మధ్య ఉన్న తేడా ప్రభుత్వానికి మిగిలే ఆదాయం. దీనిని సీనరేజీ అంటారు. నాణెం ముద్రించడం ప్రభువు హక్కుగా ఉన్న కాలంలో పుట్టిన మాట ఇది. అతి చిన్న నాణేల విషయంలో ఈ తేడా తిరగబడి ప్రభుత్వానికే నష్టంగా మారుతుంది. అమెరికా టంకశాల లెక్కల ప్రకారం 2024 ఆర్థిక సంవత్సరంలో 1 సెంటు నాణెం, అంటే పెన్నీ, తయారీకీ పంపిణీకీ అయిన ఖర్చు 3.69 సెంట్లు. ఆ ఏడాది సుమారు 320 కోట్ల పెన్నీలు పంపినందుకు వచ్చిన నష్టం 8.53 కోట్ల డాలర్లు. యూరో వాడే దేశాలలో 2002 నుంచి 1 సెంటు, 2 సెంట్ల నాణేల వల్ల పేరుకున్న నష్టం 140 కోట్ల యూరోలని ఐరోపా కమిషన్ 2013లో లెక్క తేల్చింది.

ఈ నాణేలు అరిగిపోయినందువల్ల కొత్తవి ముద్రించవలసి రావడం లేదు. లోహపు నాణెం సులువుగా పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు నిలుస్తుంది. ఒకసారి చిల్లరగా మన చేతికి వచ్చిన నాణెం మళ్ళీ కౌంటర్‌కు తిరిగి వెళ్ళకపోవడమే అసలు కారణం. బ్రిటన్ ఆర్థిక శాఖ 2018లో ప్రజాభిప్రాయం కోరినప్పుడు, 1 పెన్నీ, 2 పెన్నీల నాణేలలో ప్రతి పదింటిలో ఆరు ఒకే ఒక్క లావాదేవీలో వాడబడి, ఆపైన డబ్బాల్లోకీ సొరుగుల్లోకీ చేరిపోతున్నాయని పేర్కొంది. అంటే టంకశాల చిల్లుకుండలో నీళ్ళు పోస్తున్నట్టే లెక్క. అయినా 2019లో ఆ దేశం వాటిని కొనసాగించడానికే నిర్ణయించుకుంది. నగదు మీద ఆధారపడినవారికి ఇబ్బంది కలగకూడదన్నది అందుకు చెప్పిన కారణం.

#3 నాణేలసంచి

పాత నాణేలు సేకరించే అలవాటున్నవాడిని కాబట్టి నా మాటలో కొంత మమకారం ఉండవచ్చు. అయినా చరిత్ర చెబుతున్న ఒక విషయాన్ని ఇక్కడ పెట్టకుండా ఉండలేను. ఈ రోజు మనం చిన్న నాణేలు ఎక్కువైపోయాయని బాధపడుతున్నాం గానీ, మనుషులు కొన్ని వందల ఏళ్ళు చిన్న నాణేలు చాలక బాధపడ్డారు.

పదిహేడవ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ప్రభుత్వం చాలినంత చిల్లర ముద్రించలేదు. దానితో 1648 నుంచి 1672 దాకా వేలాది వర్తకులు తమ పేర్లు చెక్కించుకుని సొంత బిళ్ళలు చేయించుకున్నారు. ఒక వర్తకుడి బిళ్ళ ఆ చుట్టుపక్కల నాలుగు వీధులలో మాత్రమే చెల్లేది. కూలీ డబ్బులు ఆ బిళ్ళల్లో అందుకున్నవాడు ఆ నాలుగు వీధులు దాటి ఏదీ కొనలేకపోయేవాడు. 1672లో రాజు పావు పెన్నీ విలువ గల రాగి ఫార్దింగ్‌లు విడుదల చేసి ఆ బిళ్ళలను నిషేధించాడు. మరో వందేళ్ళకు అదే కొరత మళ్ళీ వచ్చింది, మళ్ళీ ప్రైవేటు బిళ్ళలు పుట్టుకొచ్చాయి. చివరకు 1797లో పారిశ్రామికవేత్త మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలతో రాగి పెన్నీలు ముద్రించి పంపాడు. బండి చక్రంలా దళసరి అంచు ఉండడం చేత వాటికి జనం చక్రాల పెన్నీలని పేరు పెట్టారు. 2 పెన్నీల నాణెం ఒక్కటే 2 ఔన్సులు తూగేది. అటువంటిది ఒకటి నేను ఒకసారి చేతిలోకి తీసుకుని చూశాను. అరచేతిలో పెడితే చెయ్యి తెలియకుండానే కాస్త కిందికి దిగింది.

చిల్లర లేకపోతే దెబ్బ తగిలేది చిల్లరతో బతికేవారికే. అందుచేత ఈ నాణేల బరువును చూసి తొందరపడి నిర్ణయించవద్దని మనవి.

అదే సమయంలో ఏ నాణెమూ శాశ్వతం కాదని కూడా ఒప్పుకుంటాను. అమెరికాలో అర సెంటు 1857లో ఆగిపోయింది, అప్పటి దాని కొనుగోలు శక్తి నేటి 10 సెంట్ల కంటే ఎక్కువ. ఇంగ్లండ్‌లో ఫార్దింగ్ 1960 చివరకు, అర పెన్నీ 1984లో పోయాయి. మన భాషలోనూ గవ్వ, కాణి, దమ్మిడీ డబ్బుగా ఏనాడో చెల్లకుండా పోయి, చేతిలో చిల్లిగవ్వ లేదు, దమ్మిడీ ఆదాయం లేదు అనే మాటలుగా మాత్రం ఇంకా బతికి ఉన్నాయి.

#4 సామాన్యపక్షం

అందరూ ఖర్చు గురించే మాట్లాడుతున్నారు గానీ, నాణెం తీసేశాక మిగిలే ఆ ఒకటి రెండు సెంట్లు ఎవరి జేబులోకి వెళతాయన్నది ఇంకా ఎవరూ అడగలేదు.

1 సెంటు, 2 సెంట్లు తీసేసిన చోట బిల్లు మొత్తాన్ని దగ్గరలోని 5కు సర్దుతారు. చివరి అంకె 1 లేదా 2 అయితే కిందికి 0కు, 3 లేదా 4 అయితే పైకి 5కు, 6 లేదా 7 అయితే కిందికి 5కు, 8 లేదా 9 అయితే పైకి 10కి. పైకి చూస్తే ఎవరికీ లాభం లేదు, నష్టం లేదు, రెండుసార్లు మీకు, రెండుసార్లు వారికి. అయితే ఈ సమతూకం అన్ని చివరి అంకెలూ సమానంగా వచ్చినప్పుడే నిజమవుతుంది. ధరలు అలా ఉండవు, 99తో ముగిసేవి లెక్కలేనన్ని.

పన్ను కలవని చోట 99 సెంట్ల వస్తువు ఒక్కటి కొంటే బిల్లు 99, చెల్లించేది 100, కొన్నవారికి 1 సెంటు నష్టం. రెండు కొంటే 198, చెల్లించేది 200, నష్టం 2 సెంట్లు. మూడు కొంటే 297, చెల్లించేది 295, ఇక్కడ 2 సెంట్లు లాభం. నాలుగు కొంటే 396, చెల్లించేది 395, 1 సెంటు లాభం. అయిదు కొంటే 495, అటూ ఇటూ ఏమీ లేదు. ఇప్పుడు ఒక్కటొక్కటిగా, రెండేసి చొప్పున కొనేవారు ఎవరో ఆలోచించండి. నెలకు సరిపడా ఒకేసారి కొని కార్డుతో చెల్లించేవారికి ఈ సర్దుబాటు అసలు వర్తించదు, ఎందుకంటే కార్డు చెల్లింపులో బిల్లు ఎంతయితే అంతే తీసుకుంటారు. ఏ రోజు సంపాదనతో ఆ రోజు, చేతిలో ఉన్నంతకు ఒకటి రెండు వస్తువులు నగదుతో కొనుక్కునేవారి మీదే ఆ భారం పడుతుంది. చిన్న నాణెం లేకుండా పోవడం వల్ల పేదవాడికి ధర పెరుగుతుందనడం ఈ అర్థంలోనే.

#5 లెక్కలమనిషి

సామాన్యపక్షం గారి ప్రశ్న న్యాయమైనదే. దీని మీద పరిశోధనలు జరిగాయి, వాటి ఫలితాలు ఒక్క తీరుగా లేవు.

అమెరికాలో ఆర్థికవేత్త రేమండ్ లోంబ్రా 2001లో రాసిన వ్యాసంలో రౌండింగ్, అంటే బిల్లును ఇలా సర్దడం, వల్ల వినియోగదారుల మీద ఏటా కనీసం 60 కోట్ల డాలర్ల భారం పడుతుందని అంచనా వేశారు. 2007లో మరో ఆర్థికవేత్త రాబర్ట్ వేపుల్స్ ఊహాత్మక ధరలు కాకుండా దాదాపు 2 లక్షల నిజమైన లావాదేవీలు తీసుకుని పరిశీలిస్తే, పన్ను కలిశాక చివరి అంకెలు చెదిరిపోయి వినియోగదారులకు నష్టమేమీ ఉండదని తేలింది. కెనడా పెన్నీని తొలగించాక, 2017లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరు కిరాణా ధరలను పరిశీలించి, రౌండింగ్ వల్ల ఆ దేశపు కిరాణా వ్యాపారానికి ఏడాదికి సుమారు 32.7 లక్షల డాలర్లు అదనంగా చేరుతున్నాయని లెక్కగట్టారు. దానిని ఆ దేశపు జనాభాకు పంచితే ఒక్కొక్కరికి ఏడాదికి 10 సెంట్లు కూడా రాదు.

ఆ 10 సెంట్ల కోసం కోట్ల డాలర్ల నష్టంతో నాణేలు ముద్రించడం సబబా అన్నదే నా ప్రశ్న.

#6 సామాన్యపక్షం

తలసరి సగటు తీయగానే ఎవరి మీద ఎంత పడిందన్నది కనిపించకుండా పోతుందండీ. కార్డుతో చెల్లించేవారి వాటా సున్నా, రోజుకు మూడుసార్లు నగదు ఇచ్చేవారి వాటా ఆ సగటుకు ఎన్నో రెట్లు. అది ఏడాదికి ఎన్ని సెంట్లన్నది పెద్ద మొత్తం కాదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఎప్పుడూ ఒకే వర్గం మీద, ఒకే దిక్కుగా పడే భారం ఎంత చిన్నదైనా అది సర్దుబాటు అనిపించుకోదు.

దీనికి మందు లేకపోలేదు. నగదు బిల్లును ఎప్పుడూ కిందికే సర్దాలని చట్టంలో రాస్తే చాలు. 99తో ముగిసే ధర పెట్టినవారే ఆ తేడా భరిస్తారు, ధర ఎలా పెట్టాలన్నది ఎలాగూ వారి చేతిలోనే ఉంది. న్యూజిలాండ్‌లో 2006లో 5 సెంట్ల నాణెం తీసేసినప్పుడు సరిగ్గా 5తో ముగిసే బిల్లును ఎటు సర్దాలన్నది వ్యాపారులకే వదిలేశారు, చాలామంది కిందికే సర్దారు. అంటే అది ఆచరణలో అసాధ్యమైనదేమీ కాదు.

#7 వేలికొస

ఈ చర్చను కొన్ని రోజులుగా స్క్రీన్ రీడర్ ద్వారా వింటున్నాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. నాణేలు నాకు అంకెలుగా కంటే ముందు అంచులుగానే తెలుసు.

యూరో నాణేలు నాకు బాగా అలవాటు, అందుచేత వాటినే ఉదాహరణగా తీసుకుంటాను. 1 సెంటు నాణెం అంచు నున్నగా ఉంటుంది. 2 సెంట్ల అంచు చుట్టూ సన్నటి గాడి ఒకటి తిరిగి ఉంటుంది, గోరు ఆనిస్తే దిగుతుంది. 5 సెంట్ల అంచు మళ్ళీ నునుపే, కాకపోతే వెడల్పు ఎక్కువ. 1 సెంటు వెడల్పు 16.25 మిల్లీమీటర్లయితే 5 సెంట్లది 21.25. 20 సెంట్ల అంచు మీద ఏడు చోట్ల నొక్కులుంటాయి. జేబులో చెయ్యి పెట్టగానే నా బొటనవేలు ముందుగా చేసే పని ఆ గాడి ఉన్నదా లేదా అని వెతకడం. 1, 2 సెంట్లు ఆ గుంపులోంచి తప్పుకుంటే మిగిలినవాటిని గుర్తుపట్టడం నాకు సులువవుతుంది. అందుకని నేను తొలగింపును సమర్థిస్తాను. చూపు లేనివారికి చిన్న నాణేలే అండ అని మా తరఫున ఇతరులు అనడం తరచూ వింటుంటాను. నా అనుభవం అది కాదు.

నాకు కావలసిందల్లా నోటితో చెప్పిన మొత్తమూ చేతిలో పడిన మొత్తమూ ఒకటి కావడం. మొత్తం 3.97 అని చెప్పి, సర్దుబాటు చేశామన్న మాట లేకుండా 5కు చిల్లర 1.05 ఇస్తే, అది పొరపాటో, సర్దుబాటో, మోసమో నాకు తెలిసే దారి ఉండదు. బిల్లు మీద అచ్చువేశామని అంటారు, నేను ఆ అచ్చు చదవలేను. సర్దిన మొత్తాన్ని గట్టిగా చెప్పడం నియమంలో భాగం కావాలి.

#8 గల్లాపెట్టె

వేలికొస గారూ, ఇన్నేళ్ళుగా కౌంటర్లో ఉండి కూడా ఈ విషయం నాకు తట్టలేదు. రేపటి నుంచే సర్దుబాటు ఉన్నా లేకపోయినా ఇచ్చే చిల్లర మొత్తాన్ని నోటితో చెప్పి ఇస్తాను.

#9 నాణేలసంచి

లోహం గురించి ఒక మాట. నాణెం తీసివేయడానికి ముందు ప్రభుత్వాలు దానిని చవకగా మార్చి చూస్తాయి. అమెరికా పెన్నీలో 1982 దాకా నూటికి 95 పాళ్ళు రాగి ఉండేది, ఆ ఏడాది నుంచి జింక్ బిళ్ళ మీద పలచటి రాగి పూత వేయడం మొదలుపెట్టారు. బ్రిటన్ 1992లో కంచును వదిలి ఉక్కు మీద రాగి పూతకు మారింది. అందువల్లనే అక్కడి పాత పెన్నీ అయస్కాంతానికి అంటుకోదు, కొత్తది అంటుకుంటుంది. జపాన్ 1 యెన్ నాణెం అచ్చంగా అల్యూమినియం, బరువు సరిగ్గా 1 గ్రాము. జాగ్రత్తగా పడుకోబెడితే నీటి మీద తేలుతుంది. లోహం ఎంత చవకదైనా కరిగించడం, అచ్చుకొట్టడం, మోసుకెళ్ళడం, పంచడం అనే ఖర్చులు తగ్గవు. కాబట్టి లోహం మార్చి కొన్నాళ్ళు కాలం గడపవచ్చునే గానీ సమస్య తీరదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. అమెరికాలోనే 5 సెంట్ల నాణెం తయారీ ఖర్చు 2024లో 13.78 సెంట్లు. పెన్నీ పోయాక బిల్లులన్నీ 5కు సర్దితే 5 సెంట్ల నాణేల అవసరం పెరుగుతుంది, ఒక్కో నాణెం మీద నష్టం పెన్నీ మీద కంటే ఎక్కువ. అంటే చిన్నదాన్ని తీసేసి పొదుపు చేశామనుకున్న సొమ్ము పెద్దదాని మీద పోయే ప్రమాదం ఉంది. దేశానికొక తీరుగా ఉంటుంది ఈ లెక్క, అన్ని చోట్లా ఒకటే జవాబు చెల్లదు. స్వీడన్ ఈ విషయంలో ముందుచూపు చూపింది. అక్కడి క్రోనాలో నూరో వంతును ఓరే అంటారు. 1972లో 1, 2 ఓరేలు, 1985లో 5, 25 ఓరేలు, 1992లో 10 ఓరేలు, 2010లో 50 ఓరేలు తొలగించింది. నాణెం విలువ పడిపోయిన ప్రతిసారీ కొత్తగా గొడవ పడకుండా, మెట్టు మెట్టుగా దిగింది. బిల్లును సర్దే పద్ధతికి స్వీడిష్ రౌండింగ్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

ఆస్ట్రేలియా సంగతి నాకు చాలా ఇష్టం. అక్కడ 1992 నుంచి 1, 2 సెంట్ల నాణేలను వెనక్కి తీసుకున్నారు. ఆ కంచును కరిగించి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకాలు చేశారు. నాణేలను ప్రేమించేవాడిగా నాకు అది మంచి వీడ్కోలనిపించింది.

#10 కొత్తగాచేరాను

నాది చాలా చిన్న సందేహం. నాణెం తొలగించారంటే మన దగ్గర మిగిలినవి ఆ రోజు నుంచి చెల్లనట్టేనా? ఇంట్లో ఒక సీసా నిండా ఉన్నాయి, అమ్మ వాటిని ఏళ్ళ తరబడి దాచింది, ఏం చేయాలో తెలియక అడుగుతున్నాను.

#11 లెక్కలమనిషి

కొత్తగాచేరాను గారూ, ఆ రెండూ వేరు వేరు. కొత్తవి ముద్రించడం, పంపిణీ చేయడం ఆపివేయడం ఒకటి, చట్టపరంగా చెల్లకుండా చేయడం మరొకటి. కెనడా పెన్నీ, ఆస్ట్రేలియా 1, 2 సెంట్లు, అమెరికా పెన్నీ ఇప్పటికీ చట్టప్రకారం చెల్లుతాయి. న్యూజిలాండ్‌లో తీసేసిన నాణేలు దుకాణాలలో చెల్లవు, కానీ అక్కడి రిజర్వ్ బ్యాంకు వాటిని ముఖ విలువకు తీసుకుంటుంది. భారతదేశంలో 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి పూర్తిగా చెల్లకుండా పోయాయి. కాబట్టి మీ సీసాలో ఉన్నవి ఏ దేశపువి, ఎప్పటివి అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ముందు బ్యాంకులో అడగండి.

ఈ ప్రశ్న నన్ను ఇంకో చోటికి తీసుకెళ్ళింది. నాణెం ఉండాలా పోవాలా అన్నదానికంటే అది ఏ పద్ధతిలో పోతున్నదన్నదే ముఖ్యమని ఇప్పుడు అనిపిస్తున్నది. రెండు పొరుగు దేశాలను పక్కపక్కన పెట్టి చూడండి.

కెనడా 2012 మార్చి బడ్జెట్‌లో ప్రకటించింది, మే 4న విన్నిపెగ్‌లో చివరి పెన్నీ ముద్రించింది, 2013 ఫిబ్రవరి 4న పంపిణీ ఆపింది. దాదాపు ఏడాది గడువు ఇచ్చింది. పన్ను కలిపిన మొత్తాన్ని మాత్రమే సర్దాలి, ఒక్కో వస్తువు ధరను సర్దకూడదు, కార్డు చెల్లింపులను ముట్టుకోకూడదు అన్న మార్గదర్శకాలు ముందే విడుదల చేసింది. అమెరికాలో 2025 ఫిబ్రవరిలో అధ్యక్షుడి ఆదేశం వచ్చింది, మే నెలలో ముద్ర వేయని ఖాళీ బిళ్ళలకు చివరి ఆర్డర్ వెళ్ళింది, నవంబర్ 12న ఫిలడెల్ఫియాలో చెలామణీ కోసం చివరి పెన్నీ ముద్రించారు. అయితే బిల్లు ఎలా సర్దాలో చెప్పే సమాఖ్య చట్టం ఆ రోజుకు లేదు. చివరి నాణెం ముద్రించకముందే అనేక దుకాణాల్లో పెన్నీలు నిండుకున్నాయి, కొందరు కిందికి సర్దారు, కొందరు సరిగ్గా చిల్లర తెమ్మని బోర్డులు పెట్టారు. సరిగ్గా చిల్లర ఇవ్వాలని కొన్ని రాష్ట్రాల నిబంధనలు చెబుతుండడంతో ఏది చేస్తే తప్పవుతుందో వ్యాపారులకు తెలియలేదు. దేశంలో సుమారు 30,000 కోట్ల పెన్నీలు ఉన్నాయని అంచనా, ఉన్నా అవి సీసాల్లోంచి బయటికి రావు.

అన్నిటికంటే కటువైన ఉదాహరణ జింబాబ్వే. 2009లో సొంత కరెన్సీ కూలిపోయి అమెరికా డాలర్ నోట్లు వాడుకలోకి వచ్చాయి, నోట్లు వచ్చాయి గానీ నాణేలు రాలేదు. చిల్లరకు బదులు మిఠాయి బిళ్ళలు, పెన్నులు, చేతిరాతతో రాసిచ్చిన చీటీలు చేతిలో పెట్టేవారు. 2014 డిసెంబర్‌లో అమెరికా సెంట్లతో సమానమైన విలువ గల బాండ్ నాణేలు విడుదలయ్యేదాకా దాదాపు ఆరేళ్ళు అలాగే సాగింది. నాణేలసంచి గారు చెప్పిన పదిహేడవ శతాబ్దపు బిళ్ళలే మళ్ళీ వచ్చినట్టు. ఒప్పుకోని వస్తువును చిల్లరగా పుచ్చుకోవలసి రావడం కంటే చిన్న నాణేలను లెక్కపెట్టుకోవడమే మేలు.

మొదట నేను ఖర్చు ఒక్కటే చూశాను, అది సగమే నిజమని ఒప్పుకుంటున్నాను.

#12 సామాన్యపక్షం

లెక్కలమనిషి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఐర్లండ్ చేసింది కూడా చెప్పాలి. 2013లో వెక్స్‌ఫర్డ్ పట్టణంలో కొన్ని వారాలు ప్రయోగాత్మకంగా రౌండింగ్ అమలుచేసి, ప్రజలనూ వ్యాపారులనూ అడిగి, 2015 అక్టోబర్ 28న దేశమంతటా మొదలుపెట్టారు. అక్కడ అది ఐచ్ఛికం, సరిగ్గా చిల్లర కావాలని అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది, 1, 2 సెంట్లు చెల్లుతూనే ఉంటాయి. అడిగే హక్కు ఉన్న చోట నా అభ్యంతరం చాలావరకు తీరిపోతుంది. బెల్జియం 2014లో ఐచ్ఛికంగా మొదలుపెట్టి 2019 డిసెంబర్ నుంచి తప్పనిసరి చేసింది. అలవాటు పడ్డాక తప్పనిసరి చేయడం ఒక క్రమం, ముందే తప్పనిసరి చేసి ఆ తరువాత అలవాటు చేసుకొమ్మనడం మరొక క్రమం, మొదటిదే మనుషులను గౌరవిస్తుంది.

#13 వేలికొస

న్యూజిలాండ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. 2006లో అక్కడ 5 సెంట్లను తీసేస్తూనే 10, 20, 50 సెంట్ల నాణేలను చిన్నవిగా, తేలికగా మార్చారు. చూపున్నవారికి అది ఒకే విడతలో ముగిసిన పని. చూపు లేనివారు సర్దుబాటు నేర్చుకోవాలి, కొత్త నాణేల పరిమాణాలూ నేర్చుకోవాలి, పాత పరిమాణాలను మరిచిపోవాలి, మూడూ ఒకేసారి. కౌంటర్లో పనిచేసేవారిగా గల్లాపెట్టె గారు ఏమంటారు, రెండిటినీ కలిపి చేయడం మంచిదా, విడివిడిగానా?

#14 గల్లాపెట్టె

విడివిడిగా చేయాలి. కొత్త నాణేలు వచ్చిన మొదటి నెలలో కౌంటర్లో మేము కూడా పొరపడతాం. పాతదీ కొత్తదీ ఒకే అరలో కలిసిపోతాయి, లెక్క యంత్రాలు కొన్నింటిని తిప్పికొడతాయి. దానితోపాటు సర్దుబాటు కూడా అప్పుడే మొదలైతే ఏ తేడా దేనివల్ల వచ్చిందో చెప్పడం మాకే సాధ్యం కాదు. మీ వంటివారు ఆ తేడాను ఎలా పట్టుకోగలరు?

చర్చ మొదలుపెట్టినప్పుడు చిన్న నాణెం ఎంత తొందరగా పోతే నాకు అంత సుఖం అనుకున్నాను. నా అభిప్రాయం మారలేదు, కానీ పోవలసిన వరుస మాత్రం ఇప్పుడు వేరుగా కనిపిస్తోంది. ముందు సర్దుబాటు చట్టం రావాలి, అది నగదు బిల్లు మొత్తానికి మాత్రమే, కిందికే అయితే మరీ మంచిది. ఆ చట్టం వచ్చాక కనీసం ఏడాది పాటు నాణెమూ సర్దుబాటూ పక్కపక్కనే నడవాలి, అడిగినవారికి సరిగ్గా చిల్లర ఇవ్వాలి. ముద్రణ ఆ తరువాత ఆగాలి. బ్యాంకులు మాత్రం ముద్రణ ఆగాక కూడా ఏళ్ళ తరబడి తీసుకుంటూ ఉండాలి, కొత్తగాచేరాను గారి అమ్మ దాచిన సీసా వంటివి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మిగిలిన నాణేల పరిమాణం మార్చే పని ఉంటే, జనం సర్దుబాటుకు అలవాటు పడ్డ తరువాతే దాన్ని మొదలుపెట్టాలి.

సామాన్యపక్షం గారి 99 లెక్కను నిన్న రాత్రి గల్లా కట్టాక మా బిల్లుల మీద వేసి చూశాను. చివరి 100 నగదు బిల్లులు తీసుకున్నాను. ఒకటి లేదా రెండు వస్తువులు మాత్రమే ఉన్నవి అందులో 61. వాటిని అయిదుకు సర్ది కూడితే కొన్నవారికే నష్టం వచ్చింది, చిన్న మొత్తమే గానీ ఆయన చెప్పిన దిక్కుకే వచ్చింది. వచ్చే వారం మరో 500 బిల్లులు చూసి, కిందికి మాత్రమే సర్దితే మా వైపు ఎంత పోతుందో ఇక్కడ రాస్తాను.